దత్తు బిడ్డను మరల నిచ్చివేయవచ్చునా?



నేడు నేను మీ ముందుంచదలచిన ప్రశ్న చిన్నది. కాని దానికి బదులు చెప్పుటలో నేనే యొకప్పుడు తప్పితిని. ఆ తప్పును దాచుకొని ధర్మము బోధించుట నాకు తగదు గావున మొదట దానినే విన్నవించి, పిమ్మట విషయమునకు వత్తును.

ప్రశ్న యిది. సంతానము లేని దంపతులు ఒక బిడ్డను దత్తు తెచ్చుకొందురు. కొన్ని యేండ్లకు ఆ బిడ్డకు మాట రాదనియో, బుద్ధి వయస్సుతో పాటు ఎదుగుట లేదనియో, జీవితాంతము ఒకరి చేయూత లేనిదే బ్రదుకజాలడనియో తెలియును. అప్పుడా దంపతులు ఆ బిడ్డను మరల నిచ్చివేయవచ్చునా?

నేను కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమున ముప్పదియేండ్లు బడిపంతులుగా నుంటిని. పల్లెలో బడిపంతులనగా అక్షరములు చెప్పువాడు మాత్రమే కాడని మీ రెరుగుదురు. ఉత్తరము వచ్చినను, నోటు వ్రాయవలసినను, ఇంటిలో తగవు పుట్టినను జనులు వాని యరుగు మీదికే వత్తురు. 1994వ సంవత్సరమున మా యూరి రైతొకడును అతని భార్యయు, పెండ్లియై పండ్రెండేండ్లు గడచినను సంతు లేక, తమ జ్ఞాతులలో నొకరి మూడవ కుమారుని దత్తు చేసికొనిరి. బిడ్డకప్పుడు పది నెలలు. జాతకము చూపించిరి. కాలుచేతులు చూచిరి. సంతలో కోడెదూడను కొనువారు సుడులు చూచినట్లు తల నుండి పాదముల వరకు పరీక్షించిరి. ఆ పరీక్షించిన పెద్దలలో నేనును ఒకడను. దత్తత పత్రమును వ్రాసినవాడను నేనే. అందులో నేనొక వాక్యము వ్రాసితిని: నేటి నుండి ఈ బాలుడు సర్వవిధముల ఔరస పుత్రునితో సమానుడు. అటువంటి పత్రములలో అందరును వ్రాయు వాక్యమే అది. వ్రాయునప్పుడు దాని బరువు నాకు తెలియలేదు.

బిడ్డ రెండేండ్లకు గాని నిలువలేదు. మూడేండ్లు నిండినను మాట లేదు. పిలిచిన తిరిగి చూడడు. నాలుగవయేట మూర్ఛలు మొదలయ్యెను. ఊరిలో గుసగుసలు బయలుదేరినవి. ఇచ్చినవారు తెలిసియే యిచ్చిరని కొందరు, తెచ్చినవారి ఖర్మమని కొందరు. అత్తగారు కోడలినే నిందించెను. ఒకనాటి సాయంకాలము ఆ తల్లి తానై మా యింటికి వచ్చి, గుమ్మము కడ నిలిచి, “మాస్టారు గారూ, వాణ్ణి తీసుకుపొమ్మని వాళ్లతో చెప్పండి. నావల్ల కావటం లేదు” అనెను. ఆమె కంట నీరు లేదు. అందుచేత నేనామెను కఠినురాలని యెంచితిని.

మరునాడు రామాలయపు అరుగు మీద నలుగురమును కూర్చుంటిమి. మాట నాకు వదలిరి. “పత్రము వ్రాసినవాడను నేనే గదా, రద్దు పత్రమును నేనే వ్రాసెదను; బిడ్డను కన్నవారి కడకు పంపుడు” అని చెప్పితిని. నాకది న్యాయముగనే తోచెను. చిత్తుప్రతి వ్రాసి, రిజిస్టరు చేయించుటకు పట్టణములోని వకీలు కడకు తీసికొనిపోతిని. ఆ లోపుగనే బిడ్డను పంపివేసిరి. కన్నవారింట అప్పటికే నలుగురు పిల్లలు. వారు కాదనలేకపోయిరి; ఔననియు లేకపోయిరి.

వకీలు నా చిత్తుప్రతి చదివి, నవ్వక, కోపపడక, పుస్తకము తీసి 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టములోని 15వ సెక్షను నాకు చూపించెను. విధి ప్రకారము జరిగిన దత్తతను తండ్రి గాని, తల్లి గాని, మరియెవ్వరు గాని రద్దు చేయజాలరు. దత్తు పోయిన బిడ్డయు తన స్థితిని విడనాడి పుట్టినింటికి మరలజాలడు. “పంతులు గారూ, పెండ్లికైనను విడాకులు కలవు, దీనికి లేవు” అని ఆయన యనెను. నేను తలవంచుకొని యిల్లు చేరితిని.

ఇరువది దినముల తరువాత ఆ రైతు బిడ్డను చూచివత్తునని పోయి, చంకనెత్తుకొని తిరిగివచ్చెను. బిడ్డ సగమై యుండెను. అక్కడ వానిని కొట్టినవారు లేరు, తిట్టినవారు లేరు. కాని అన్నమును ఎట్లు కలిపి, ఏ చేతితో, ఏ మాట చెప్పుచు నోటికందించిన తినునో ఆ యింట నెవ్వరికిని తెలియదు. ఆ రహస్యము ఒక్క పెంపుడు తల్లికే తెలియును. ఆమె కంచములో అన్నము కలిపి కూర్చుండగనే బిడ్డ నోరు తెరచెను. నేనప్పుడచ్చటనే యుంటిని.

ఆమె కఠినురాలు కాదని నాకానాడు తెలిసెను. ఏడాది కాలముగా ఆమె ఒక్క రాత్రియైనను తిన్నగా నిదురింపలేదు. ఆ యేడాదిలో నేను గాని, నా భార్య గాని, ఆ అరుగు మీది నలుగురిలో ఒక్కరు గాని ఆ బిడ్డను ఒక గంటసేపు మా యింట నుంచుకొని, “అమ్మా, నీవు కొంచెము నడుము వాల్చుము” అని యనలేదు. దత్తు తీసికొమ్మని ప్రోత్సహించినవారము మేమే. భారము వచ్చినప్పుడు చూచుచు నిలిచినవారమును మేమే. తరువాత తీర్పు చెప్పినవారమును మేమే.

ఇక విషయమునకు వత్తును. బిడ్డను మరల నిచ్చుటకు మనవారు సామాన్యముగా మూడు కారణములు చెప్పుదురు.

మొదటిది, మమ్ము మోసగించిరనుట. ఇచ్చినవారు బిడ్డ రోగమెరిగియు దాచియుండవచ్చును. అట్లు దాచుట పాపమే. ఇచ్చువాడు ఎరిగినదంతయు చెప్పవలెను. కాని మోసము చేసినవాడు ఒకడు, మోసపోయినవాడు మరియొకడు. ఈ రెంటిలో బిడ్డ ఏదియు కాదు. పెద్దల తప్పునకు మాట రాని వానిని శిక్షించుట ఏ న్యాయమునకును చెల్లదు.

రెండవది, మేము కోరినది వంశము నిలుపువానిని, ముసలితనమున అన్నము పెట్టువానిని. వీడా రెండును చేయలేడనుట. ఈ మాట మనసున మెదలుట సహజము. నేను దానిని పరిహసింపను. కాని కడుపున పుట్టిన కొడుకు ఆ రెండును చేయునని హామీ యిచ్చినవా రెవ్వరు? మన కన్నబిడ్డకే ఈ జబ్బు వచ్చిన, వీడు నాకు పనికిరాడని వానినెవ్వరి వాకిట వదలుదుము? ఔరసునితో సమానుడని వ్రాసికొన్నప్పుడు లాభమునందే గాక నష్టమునందును సమానుడే యగును.

మూడవది, నిజముగా మావల్ల కాదనుట. దీనికి బదులు అంత సులభము కాదు. దీని యొద్దకు మరల వత్తును.

మన ప్రాచీనులును ఈ విషయమును ఎరుగకపోలేదు. ఐతరేయ బ్రాహ్మణములో శునశ్శేపుని కథ యున్నది. ఆకలిచే బాధపడు అజీగర్తుడను ఋషికి ముగ్గురు కొడుకులు. పెద్దవానిని తండ్రి వదలలేదు, చిన్నవానిని తల్లి వదలలేదు. నడిమివాడగు శునశ్శేపుని నూరు గోవులకు అమ్మిరి. వానిని యజ్ఞపశువుగా యూపమునకు కట్టుటకు మరి నూరు, వధించుటకు మరి నూరు గోవులకు ఆ తండ్రియే యొప్పుకొనెను. దేవతల దయచే బాలుడు బ్రదికి బయటపడగా అజీగర్తుడు మరల రమ్మని పిలిచెను. బాలుడు పోలేదు. విశ్వామిత్రుడు వానిని తన జ్యేష్ఠపుత్రునిగా స్వీకరించెను. ఇక్కడ మనము తరచు మరచు భాగమొకటి కలదు. విశ్వామిత్రుని నూటొక్కమంది కొడుకులలో ఏబదిమంది పెద్దవారు ఆ స్వీకారమునకు సమ్మతింపరైరి. తండ్రి వారిని శపించెను. సమ్మతించిన చిన్నవారు ఆశీర్వాదము పొందిరి. బిడ్డను స్వీకరించుట ఒక దంపతుల పని మాత్రమే కాదు, ఇంటిల్లిపాది పని యని యా కథ తెలుపుచున్నది.

ఈ కష్టము మన దేశమునకే పరిమితమైనది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెనెసీ నివాసియగు ఒక స్త్రీ 2009లో రష్యా దేశపు అనాథ శరణాలయము నుండి ఒక బాలుని దత్తు తెచ్చుకొనెను. 2010 ఏప్రిలులో, ఏడేండ్ల యా బాలుని ఒంటరిగా విమానమెక్కించి మాస్కో నగరమునకు తిప్పిపంపిరి. వాని వెంట ఒక జాబు మాత్రముండెను. బాలుని మనఃస్థితిని గూర్చి శరణాలయమువారు తనకు నిజము చెప్పలేదని అందులో వ్రాసియుండెను. ఆ బాలుని పోషణమునకు ఆమె సొమ్ము చెల్లింపవలసినదేయని 2012లో అక్కడి న్యాయస్థానము ఉత్తరువు చేసెను. విమానమెక్కించినంత మాత్రమున తల్లితనము దిగిపోలేదన్నమాట.

అయితే ఆమె నొక్కర్తెను నిందించి ఊరకుందుమేని సగము సత్యమునే చూచినవార మగుదుము. అదే దేశమున నెబ్రాస్కా రాష్ట్రములో 2008 జులైలో ఒక చట్టము అమలునకు వచ్చెను. పసికందులను చెత్తకుండీలలో పారవేయకుండ, ఆస్పత్రులలో అప్పగించిన తల్లులకు శిక్ష లేకుండ జేయుట దాని యుద్దేశము. కాని చట్టములో ‘బిడ్డ’ యని మాత్రమే వ్రాసిరి; వయస్సు వ్రాయలేదు. కొన్ని నెలలలో 36 మంది పిల్లలను ఆస్పత్రులలో అప్పగించిరి. వారిలో పెక్కుమంది పదేండ్లు దాటినవారు, మనోవ్యాధులతో బాధపడువారు. తెచ్చినవారిలో కన్న తల్లిదండ్రులును కలరు, పెంచినవారును కలరు. ప్రభుత్వమువారు నవంబరులో చట్టమును సవరించి, ముప్పది దినముల లోపు శిశువులకే పరిమితము చేసిరి. చేయూత దొరకనప్పుడు కన్నవారును పెంచినవారును ఒక్క తీరుననే కుప్పకూలుదురని దీనివలన తెలియుచున్నది. లోపము రక్తసంబంధములో లేదు. భారమును పంచుకొనువారు లేకుండుటలో నున్నది.

ఇప్పుడు మన చట్టములను కొంచెము చెప్పవలెను. ఊరిలో నలుగురు మీ సలహా నడుగుదురు గదా. నావలె తెలియక చెప్పకుందురు గాక.

హిందువుల దత్తత 1956 చట్టము ప్రకారము ఇంటివారి నడుమ జరుగవచ్చును. ఇచ్చుట, పుచ్చుకొనుట దానికి ప్రాణము. బిడ్డకు బదులుగా సొమ్ము తీసికొనుటయు ఇచ్చుటయు నేరము. శరణాలయముల నుండి తెచ్చుకొనునది 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము క్రింద జరుగును. ఇది యే మతమువారికైనను వర్తించును. ఈ రెండవ మార్గములో బిడ్డ వైద్యపరీక్ష వివరములను దంపతులకు ముందుగా నిత్తురు. వారు తమకు నమ్మకమైన వైద్యునికి చూపుకొనవచ్చును. తుది యుత్తరువు వచ్చులోపల బిడ్డ కొంతకాలము వారి యింట పెంపకములో నుండును. సంశయము లున్నచో నోరు విప్పి చెప్పవలసిన సమయమదియే. చుట్టమేమనుకొనునో, ఊరేమనుకొనునో యని అప్పుడు మౌనము వహించి, అయిదేండ్లు గడచిన పిదప నోరు విప్పుట బిడ్డ పట్ల ద్రోహము.

తుది యుత్తరువైన పిదప ఆ బిడ్డ వారి బిడ్డయే. పెరిగి పెద్దయైనను, శరీరలోపము చేతనో మనోలోపము చేతనో తన్ను తాను పోషించుకొనలేని బిడ్డకు, తల్లిదండ్రులు స్తోమతు గలవారైనచో జీవనభృతి ఈయవలసియుండును. పూర్వపు క్రిమినలు ప్రొసీజరు కోడు 125వ సెక్షనులో నున్న యీ నియమము 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా నిలిచియున్నది.

ఆ బాలల న్యాయ చట్టములో 75వ సెక్షను మీరు గమనింపదగినది. తన సంరక్షణలోని బిడ్డను బుద్ధిపూర్వకముగా వదలివేయుట దాని ప్రకారము శిక్షార్హము. అయితే కన్నవారు తమ చేతిలో లేని పరిస్థితుల వలన వదలినారని తేలినచో దానిని బుద్ధిపూర్వకమైన దానిగా నెంచరాదని మినహాయింపు కలదు. ఆ మినహాయింపు వాక్యములో కన్నవారి పేరే యున్నది. పెంచినవారి పేరు లేదు. దీనికి కారణమును నాకు తోచినట్లు చెప్పుదును. కన్నవారికి బిడ్డ తనంత వచ్చును. పెంచినవారు పోయి, చేయి చాచి, సాక్షుల యెదుట అడిగి తెచ్చుకొందురు. అడిగి తెచ్చుకొన్న దానికి బాధ్యత ఒక పిసరు ఎక్కువయే గాని తక్కువ కాదు.

ఇక మూడవ మాట: నిజముగా మావల్ల కాదనుట. భర్త గతించి, తాను మంచము పట్టి, కూలి లేక అల్లాడు పెంపుడు తల్లి యుండవచ్చును. బిడ్డకు ఉద్రేకము వచ్చినప్పుడు ఇంటిలోని పసిబిడ్డకు ప్రాణాపాయము కలుగవచ్చును. ఇట్టి యెడ కూడ వదలరాదని శాసించుట ధర్మము కాదు, మూర్ఖత. నేనొక కొలబద్ద చెప్పెదను: ఇదే యవస్థలో కన్నబిడ్డ విషయమున మీరేమి చేయుదురో, దత్తు బిడ్డకును అదియే చేయుడు. కన్నబిడ్డ నెవరైనను రాత్రివేళ బస్సు స్టాండులో వదలుదురా? కన్నబిడ్డను ‘తిరిగి’ యిచ్చుటకు ఇల్లు వేరొకటి యుండునా? ఉండదు గనుక, తమ యింట నుంచి పెంచలేనివారు మరియొక చోట నుంచి పెంచుదురు; తల్లిదండ్రులుగానే నిలుతురు. పోయి చూచివత్తురు. పండుగకు తెచ్చుకొందురు. ఆస్తిలో వాటా తీసివేయరు.

అంతకును మించినచో, చట్టము చూపిన వాకిలి యొకటి కలదు. తమ వశము కాని కారణములచే బిడ్డను అప్పగింపదలచిన తల్లిదండ్రులు జిల్లాలోని బాలల సంక్షేమ సమితి యెదుటకు బిడ్డతో పోవలెను. వారు విచారించి, హితవు చెప్పి, మనసు మార్చుకొనుటకు రెండు నెలలు గడువిత్తురు. పగటివేళ, పదిమంది యెదుట, కారణము చెప్పి చేయు పని యిది. చీకటిలో చేయవలసివచ్చు పని యేదియు బిడ్డ మేలునకై చేయుపని కాదని గుర్తుంచుకొనుడు.

ఆ వాకిలి తట్టుటకు ముందు తట్టవలసిన వాకిళ్లు మరికొన్ని కలవు. సికిందరాబాదులోని మనోవికాస నగరులో 1984 నుండి బుద్ధివికాసము కొరవడినవారి కొరకు జాతీయ సంస్థ యున్నది. బిడ్డకు ఇంటిలోనే యెట్లు శిక్షణ మీయవలెనో తల్లిదండ్రులకు నేర్పుదురు. 1999వ సంవత్సరపు నేషనల్ ట్రస్టు చట్టము క్రింద ‘నిరామయ’ యను ఆరోగ్య బీమా యేటా లక్ష రూపాయల వరకు వర్తించును. మా తరువాత వీని గతి యేమను దిగులున్నవారికి, ఆ చట్టము క్రిందనే కలెక్టరు పెద్దగా గల స్థానిక సమితి సంరక్షకుని నియమించును. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన లోపములను గుర్తించినది. ఆటిజమును బుద్ధిమాంద్యమును అందులో నున్నవి. ఇవన్నియు భారమును తీసివేయవు, తేలిక చేయును.

మా యూరి బిడ్డ సంగతి చెప్పి ముగింతును. ఆ తండ్రి వానిని సికిందరాబాదు తీసికొనిపోయెను. మూర్ఛలకు మందు కుదిరెను. తల్లి అక్కడ కొన్ని దినములుండి నేర్చుకొనివచ్చెను. ప్రతి మధ్యాహ్నము రెండు గంటలసేపు నా భార్య వానిని మా యింట నుంచుకొనుచు వచ్చెను. పొరుగింటి పెద్దమ్మ మరియొక గంట. అంతే. మేము చేసిన మహోపకార మేదియు లేదు. ఆ మూడు గంటలు ఆ తల్లి నిదురించెను.

ఆ బాలుడు పెద్దవాడై పెంచినవారిని ఉద్ధరించెనని చెప్పి మిమ్ము మురిపింపను. అతనికిప్పుడు ముప్పదియేండ్లు దాటినవి. పది, పదునైదు మాటలకు మించి రావు. చదువు రాలేదు. స్నానమునకు ఇప్పటికిని ఒకరు తోడు కావలెను. గేదెలను నీటికి తోలుకొనిపోవును, వేళకు తోలుకొనివచ్చును. తండ్రి 2016లో కాలము చేసినప్పుడు తలకొరివి పెట్టినది అతడే. మేము చేయి పట్టి నడపితిమి. తల్లి యున్నది. ఆమె తరువాత సంరక్షకులుగా నుందుమని జ్ఞాతులలో నిద్దరు సమితికి వ్రాసియిచ్చిరి. వారిలో నొకడు ఆ కన్నతల్లి పెద్దకొడుకు.

కావున పెద్దలారా, మీ యూర దత్తత జరుగునప్పుడు జాతకములతో తృప్తి పడకుడు. బిడ్డను వైద్యునికి చూపించిరా యని అడుగుడు. రేపు వీనికి జబ్బు చేసిన నేమి చేయుదురని దంపతుల నడుగుడు. అప్పుడు మీలో ఎవరు ఏ పూట తోడు నిలుతురో ముందు మిమ్ము మీరే అడుగుకొనుడు. ఈ మూడవ ప్రశ్నకు బదులు చెప్పలేనివారికి, తరువాత ఆ తల్లిని గూర్చి తీర్పు చెప్పు నధికారము లేదు.

నేను వ్రాసిన ఆ రద్దు పత్రపు చిత్తుప్రతిని చింపలేదు. నా పెట్టెలోనే యున్నది. ఎవరైనను నా యరుగు మీదికి వచ్చి సలహా యడిగినప్పుడు, దానిని ఒకసారి చదువుకొని పిమ్మట మాట్లాడుదును.

సెలవు.